ది ఎవల్యూషన్ ఆఫ్ ట్రస్ట్: తిరుపతి వాళ్లు అరగంట తీరిక చేసుకుని ఆడాల్సిన ఆట

ముందు వివరాలు చెప్పేస్తా. ఇది బ్రౌజర్‌లో ఆడే ఆట. పేరు ‘ది ఎవల్యూషన్ ఆఫ్ ట్రస్ట్’, నిక్కీ కేస్ 2017లో తయారు చేశారు. డబ్బు కట్టక్కర్లేదు, యాప్ వేసుకోనక్కర్లేదు, లాగిన్ అడగదు, యాడ్స్ రావు. ఆడటానికి అరగంట పడుతుందని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది, దాదాపు అంతే పడుతుంది. కాకపోతే చివర్లో మన ఇష్టం వచ్చినట్టు అంకెలు మార్చి చూసుకునే భాగం ఒకటుంది, అందులో దిగితే టైమ్ తెలీదు.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ ట్యూషన్ చెప్తాను. గేమ్ థియరీ (ఎదుటివాళ్లు ఏం చేస్తారో ఊహించి మనం ఏం చెయ్యాలో లెక్కగట్టే శాస్త్రం) పాఠం వచ్చినప్పుడు ఇద్దరు ఖైదీల కథ చెప్పి, నాలుగు గళ్ల పట్టిక గీసి, నాష్ ఈక్విలిబ్రియం, అంటే ఒక్కడే నిర్ణయం మార్చుకుంటే వాడికేమీ కలిసిరాని చోటు, ఏ గడిలో ఉందో చూపించి ముగించేయడం మా దగ్గర అందరూ చేసే పనే. పిల్లలు పరీక్షలో చక్కగా రాసేస్తారు. కానీ అది తమ వీధి గురించి, తమ చుట్టాల గురించి చెప్తున్న పాఠం అని ఒక్కరికీ అనిపించదు. ఈ ఆట ఆ లోటు తీర్చింది. అందుకే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ఆట 1914 క్రిస్మస్‌తో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎదురెదురు కందకాల్లో ఉన్న బ్రిటిష్, జర్మన్ సైనికులు పైవాళ్ల ఆజ్ఞలు పక్కనపెట్టి బయటికొచ్చారు. చనిపోయినవాళ్లను పూడ్చుకున్నారు, ఒకరికొకరు కానుకలు ఇచ్చుకున్నారు, ఆటలాడారు. చంపుకోవడానికి వచ్చినవాళ్ల మధ్య అంత నమ్మకం ఎలా పుట్టింది, మరి ఏ యుద్ధమూ లేని రోజుల్లో మనం ఒకరినొకరు ఎందుకు నమ్మలేకపోతున్నాం అని అడిగి అక్కడినుంచి నేరుగా ఆటలోకి తీసుకెళ్తుంది.

ఒక మెషిన్ ఉంటుంది. మీరు అందులో 1 నాణెం వేస్తే అవతలి మనిషికి 3 వస్తాయి. అవతలి మనిషి వేస్తే మీకు 3. ఇద్దరూ వేస్తే చెరి 2 మిగులుతాయి. మీరు వేసి అవతలివాళ్లు ఎగ్గొడితే మీకు 1 నష్టం, వాళ్లకు 3 లాభం. ఇద్దరూ ఎగ్గొడితే ఇద్దరికీ సున్నా. ఒక్కసారే ఆడి వెళ్లిపోయే పనైతే, అవతలివాళ్లు ఏం చేసినా సరే, మనకు ఎగ్గొట్టడమే లాభం. కాగితం మీద లెక్క వేసి చూసుకోండి, అంతే వస్తుంది. ఇద్దరూ అదే లెక్క వేసుకుంటారు కాబట్టి చెరి 2 రావాల్సిన చోట ఇద్దరూ వట్టి చేతులతో ఇంటికెళ్తారు. 1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఈ చిక్కును ఆటగా కట్టారు. ఖైదీల కథ అల్లి ప్రిజనర్స్ డైలమా అని పేరు పెట్టింది ఆల్బర్ట్ టక్కర్. ఆ ఖైదీల కథ మన పిల్లలకు తొందరగా ఎక్కదు. ఎవరికి ఎన్నేళ్ల జైలు, తక్కువ అంకె వస్తే మంచిదా చెడ్డదా అనే దగ్గరే తికమక పడిపోతారు. నాణేల మెషిన్ మాత్రం హైస్కూలు పిల్లలకు కూడా వెంటనే అర్థమవుతుంది. ఈ ఒక్క మార్పుకే నిక్కీ కేస్‌కు దండం పెట్టొచ్చు.

తర్వాత ఐదుగురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు మన ఎదుటికి వస్తారు, ఎవరి తీరును బట్టి వాళ్లకో టోపీ ఉంటుంది. కాపీక్యాట్ మొదటిసారి నాణెం వేస్తాడు, ఆ తర్వాత మనం కిందటిసారి ఏం చేశామో అదే చేస్తాడు. ఆల్వేస్ చీట్ ఎప్పుడూ ఎగ్గొడతాడు. ఆల్వేస్ కోఆపరేట్ ఎన్నిసార్లు మోసపోయినా వేస్తూనే ఉంటాడు. గ్రడ్జర్‌ను ఒక్కసారి మోసం చేస్తే జన్మలో మళ్లీ వెయ్యడు. డిటెక్టివ్ మొదటి నాలుగు రౌండ్లలో మనల్ని పరీక్షిస్తాడు, మధ్యలో ఒకసారి కావాలనే ఎగ్గొట్టి చూస్తాడు. మనం తిరగబడితే బుద్ధిగా కాపీక్యాట్‌లా మారిపోతాడు, మెత్తగా ఊరుకుంటే ఇక చివరిదాకా దోచుకుంటాడు. మా ట్యూషన్‌లో పిల్లలు డిటెక్టివ్‌ను చూడగానే తమ హాస్టల్లో అలాంటివాళ్లు ఎవరెవరున్నారో పేర్లు చెప్పడం మొదలుపెట్టారు, వాళ్లను ఆపి మళ్లీ ఆటలోకి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక్కొక్కరితో ఎన్ని రౌండ్లు ఆడాలో ముందుగా చెప్పరు, 3 నుంచి 7 మధ్య ఉంటుందని మాత్రం చెప్తారు. ఆ చెప్పకపోవడంలోనే కిటుకంతా ఉంది. ఇదే ఆఖరి రౌండని తెలిస్తే అందులో ఎగ్గొట్టడానికి ఎవరూ వెనకాడరు. ఆఖరిది ఎలాగూ పోయిందని తెలిశాక దాని ముందుదాన్లో మంచిగా ఉండి లాభమేంటి, అలా వెనక్కి లెక్కేసుకుంటూ పోతే మొదటి రౌండుదాకా వచ్చేస్తుంది. ఇల్లు ఖాళీ చేసే నెలలో అద్దె కట్టకుండా అడ్వాన్సులో పట్టుకోమనడం, ఇల్లుగలాయన ఆ అడ్వాన్సులో సున్నం ఖర్చు, రిపేరు ఖర్చు అని కోతలు పెట్టడం మనందరం చూసిందే. అప్పటిదాకా ఇద్దరికీ పేచీ లేదు, పండక్కి పిండివంటలు కూడా పంపుకున్నారు. ఒక విద్యార్థి అడిగాడు, “సార్, ఫైనల్ ఇయర్ అన్నలు తీసుకున్న నోట్సు తిరిగివ్వకుండా పోయేది ఇందుకేనా?” ఇందుకే నాయనా.

ఇక అసలైన భాగానికి వస్తే, 25 మందిని గుండ్రంగా నిలబెట్టి అందరూ అందరితో ఆడే పోటీ పెడతారు. ప్రతి పోటీ అయ్యాక అట్టడుగున ఉన్న ఐదుగురిని తీసేసి, పైనున్న ఐదుగురి నకళ్లను వాళ్ల స్థానంలో పెడతారు. మొదట్లో ఎగ్గొట్టేవాళ్లు మెత్తనివాళ్లను తినేసి బాగా పెరిగిపోతారు, చూస్తుంటే గుండె చివుక్కుమంటుంది. మెత్తనివాళ్లు అయిపోయాక వాళ్లకు తినడానికి ఎవరూ మిగలరు. అప్పుడు నెమ్మదిగా కాపీక్యాట్లు పుంజుకుని ఆఖరికి గుంపంతా వాళ్లే అవుతారు. ఇంతవరకూ మంచివాళ్లే గెలుస్తారు అనుకునేలోపే తర్వాతి అధ్యాయం వచ్చి ఒకే ఒక అంకె మారుస్తుంది. ఒకరితో ఒకరు ఆడే రౌండ్లు 10 నుంచి 5కో అంతకంటే తక్కువకో దించండి, ఎగ్గొట్టేవాళ్లు ఊరంతా ఆక్రమిస్తారు. మనుషులు అవే, టోపీలు అవే. మారింది ఎన్నిసార్లు కలుస్తారన్నది ఒక్కటే.

ఈ అధ్యాయం తిరుపతిలో కూర్చుని ఆడేవాళ్లకు తగిలినట్టు ఇంకెక్కడివాళ్లకూ తగలదని నా నమ్మకం. మన ఊరికి మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది దర్శనానికి వస్తారు. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారుజామున బస్టాండులో దిగిన ఒక కుటుంబాన్ని తలుచుకోండి. చేతిలో సామాన్లు, నిద్ర చాలని పిల్లలు, నడవలేని పెద్దావిడ. అలిపిరి ఎంత దూరమో తెలీదు, ఆటోకు ఎంతివ్వాలో తెలీదు. వాళ్లను ఎక్కించుకున్న ఆటో అన్నకు వాళ్లు మళ్లీ కనబడరు, ఇంకో ఏడాది వచ్చినా అదే ఆటో ఎక్కరు. ఇది ఒక్క రౌండు ఆట, రేటు కూడా ఒక్క రౌండు రేటే చెప్తాడు. అందరూ అలా చేస్తారనడం లేదు, న్యాయంగా తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ ఎక్కువ చెప్పిన అన్నే పొద్దున ఎనిమిదికి మా వీధికొచ్చి పిల్లల్ని బడికి తీసుకెళ్తాడు, నెల డబ్బుల మీద. ఏ పిల్లయినా ఇంకా జడ వేసుకుంటుంటే హారన్ కొట్టి నిలబడతాడు. వాన పడితే పక్క పట్టాలు దించి పిల్లలు తడవకుండా చూస్తాడు. ఒక నెల డబ్బు ఆలస్యమైతే “ఏం కాదులే మేడం, వచ్చే నెల కలిపి ఇద్దురు” అంటాడు. బస్టాండు దగ్గర ఉన్నదీ, మా వీధిలో ఉన్నదీ ఒకే మనిషి.

ఈ ఆట మీద నా మొదటి ఫిర్యాదు కూడా ఇక్కడే. ఆటలో ఎవరి టోపీ వాళ్లకు అతికించి ఉంటుంది. ఆల్వేస్ చీట్ పుట్టుకతో ఆల్వేస్ చీట్, అలాగే పోతాడు. మన ఊళ్లో ఒకే మనిషి ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకుని టోపీ మారుస్తాడు, భక్తుడితో ఒకటి, వీధివాళ్లతో ఇంకొకటి. ఆటో అన్న ఒక్కడే కాదు, లాడ్జి, పూలకొట్టు, బొమ్మల దుకాణం, ఎవరైనా అంతే. “తిరుపతిలో మోసం ఎక్కువ” అని బయటివాళ్లు అంటే మనకు కోపం వస్తుంది, “మా ఊరంత మంచి ఊరు లేదు” అని మనం అంటే వాళ్లు నమ్మరు, ఇద్దరూ చెప్పేది తాము ఆడిన ఆట గురించే. ఆటకు ఇంకో అధ్యాయం కలిపి, ఒకే బొమ్మ రౌండ్ల సంఖ్య చూసి టోపీ మార్చుకునేలా చేసి ఉంటే ఈ విషయం ఇంకా బాగా తెలిసేది.

దీన్నుంచి ఒక పనికొచ్చే ఆలోచన వస్తుంది. మంచి డ్రైవర్ ఎవరా అని వెతకడం కంటే ఆ ఒక్క రౌండును పొడిగించే దారి చూడటం మేలు. ప్రీపెయిడ్ కౌంటర్ చేసేది అదే. రేపు ఇంకో భక్తుడు కూడా అదే కౌంటర్‌కు వస్తాడు, అక్కడ ఫిర్యాదు ఉంటే ఈ బండికి కిరాయి దొరకదు. గూగుల్లో లాడ్జికి చుక్కలు వేసేవాళ్లు చేసేదీ అదే. విజయనగరం నుంచి వచ్చి ఒక్క రాత్రి ఉండి పోయినాయన మళ్లీ రాకపోవచ్చు, కానీ ఆయన రాసిపెట్టిన నాలుగు ముక్కలు రేపు అనంతపురం నుంచి వచ్చేవాళ్లు చదువుతారు. లాడ్జివాళ్లకు అప్పుడు ఎదురుగా ఉన్నది ఒక్క రాత్రి మనిషి కాదు, ఏళ్ల తరబడి ఆడే మనిషి. దర్శనం టికెట్లు ఇప్పిస్తామని తిరిగే దళారులు మాత్రం ఏ రేటింగుకూ దొరక్కుండా ఫోన్ నంబర్ మార్చి మార్చి ఎప్పుడూ మొదటి రౌండులోనే ఉంటారు, అందుకే వాళ్లను అరికట్టడం అంత కష్టంగా ఉంది.

తప్పుల గురించిన అధ్యాయం ఈ ఆటకే తలమానికం. అంతవరకూ ఎవరూ పొరపాటు చెయ్యరు, వెయ్యాలనుకుంటే నాణెం పడుతుంది. ఇక్కడినుంచి మాత్రం అప్పుడప్పుడూ చెయ్యి జారుతుంది, వెయ్యాలనుకున్నవాడు కూడా వెయ్యలేకపోతాడు. రెండు కాపీక్యాట్లు ఆడుతున్నాయనుకోండి, ఇద్దరూ మంచివాళ్లే, ఒకడికి చెయ్యి జారింది. రెండోవాడు బదులు తీర్చుకున్నాడు. దానికి మొదటివాడు బదులు తీర్చుకున్నాడు. ఇక అది ఆగదు.

మన ఇళ్లల్లో పెళ్లి పిలుపులు చూడండి, అచ్చం ఇంతే. పత్రిక ఇవ్వడానికి పంపిన కుర్రాడు వెళ్లేసరికి ఆ ఇంటికి తాళం వేసుంది. పక్కింట్లో ఇచ్చి వచ్చేశాడు, పక్కింటివాళ్లు అది టీవీ మీద పెట్టి మర్చిపోయారు. ఇక్కడేమో “బావావాళ్లు పెళ్లికి రాలేదు చూడు” అని బాధ, అక్కడేమో “బొట్టు పెట్టి పిలవకపోతే పోనీ, ఒక్క ఫోనైనా చెయ్యలేదు” అని బాధ. ఆర్నెల్లకు వాళ్లింట్లో గృహప్రవేశం వచ్చింది, వీళ్లను పిలవలేదు. ఆ తర్వాత వీళ్లింట్లో సీమంతానికి వాళ్లను కావాలనే వదిలేశారు. పిల్లలు పెద్దయ్యేసరికి రెండు ఇళ్లమధ్య మాటల్లేవు, ఎందుకు లేవో పిల్లలకు తెలీదు. ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, ఎక్కడికెళ్లినా ఇలాంటి జతలు కనబడతాయి.

ఆట ఇక్కడ కాపీకిటెన్ అనే ఇంకొకణ్ణి తెస్తుంది. వీడు వరసగా రెండుసార్లు ఎగ్గొడితే తప్ప బదులు తీర్చుకోడు. ఇది ఆడుతున్నప్పుడు నాకు మా మేనత్త మాట గుర్తొచ్చింది, “ఒకసారి పిలవలేదంటే ఏదో తొందరలో మర్చిపోయింటారు, రెండోసారీ పిలవకపోతే అప్పుడు చూద్దాం లేరా” అనేది ఆవిడ. పిలవని ఇంటికి కూడా తాంబూలం పళ్లెం పట్టుకుని తనే వెళ్లేది. ఆవిడ ఉన్నన్నాళ్లూ మా చుట్టాల్లో ఎవరికీ మాటలు ఆగిపోలేదు. గేమ్ థియరీలో ఈ తీరుకు టిట్ ఫర్ టూ టాట్స్ అని పేరు.

తప్పుల శాతం మార్చుకునే మీట ఒకటి ఉంటుంది, దాన్ని తప్పకుండా జరిపి చూడండి. తప్పులు అసలు లేకపోతే కాపీక్యాట్ గెలుస్తాడు. 1 నుంచి 9 శాతం ఉంటే కాపీకిటెన్ గెలుస్తాడు. 10కి చేరిందంటే మాత్రం, 49 దాకా, ఎగ్గొట్టేవాడిదే రాజ్యం. అంటే కాస్త అపార్థం ఉన్నచోట ఓర్పు మంచిది, అపార్థం మరీ ఎక్కువైతే ఎంత ఓర్పున్నా నిలవదు, ముందు కూర్చుని మాట్లాడుకునే దారి బాగుచెయ్యాలి. మా పిల్లల్లో ఒకమ్మాయి దీన్ని వాట్సాప్ గ్రూపులకు అన్వయించి చెప్పింది. ముఖం కనబడని చోట, గొంతు వినబడని చోట ప్రతి మెసేజీ తప్పుగా అర్థమయ్యే అవకాశం ఎక్కువ, అందుకే గ్రూపుల్లో తగవులు అంత తొందరగా ముదురుతాయని. నేను క్లాసులో చెప్పినదానికంటే బాగా చెప్పింది.

ఇక్కడ ఒక్క విషయంలో ఆటతో నాకు పేచీ ఉంది. ఈ లెక్కలన్నిటికీ మూలం అమెరికా రాజనీతి పండితుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో పెట్టిన కంప్యూటర్ పోటీలు. పండితులను అడిగి ప్రోగ్రాములు రాయించి ఒకదానితో ఒకటి ఆడించాడు. మొదటి పోటీకి 14 వచ్చాయి, గెలిచింది అనటోల్ రపోపోర్ట్ పంపిన టిట్ ఫర్ టాట్, మన కాపీక్యాట్. వచ్చినవాటిలో అన్నిటికంటే చిన్న ప్రోగ్రాం అదే. రెండో పోటీకి 62 వచ్చాయి, మళ్లీ అదే గెలిచింది. చిత్రమేమిటంటే టిట్ ఫర్ టాట్ ఏ ఒక్క జోడీ ఆటలోనూ ఎదుటివాడికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకోలేదు, మహా అయితే సమానం. ఎవరినీ ఓడించకుండానే మొత్తం మీద పైకొచ్చింది. ఈ ముక్క విన్నప్పుడు కాంపిటీటివ్ పరీక్షలకు చదివే పిల్లలు కాసేపు ఆలోచనలో పడతారు. సరే, పేచీకి వస్తే, మొదటి పోటీలో టిట్ ఫర్ టూ టాట్స్ గనక ఉండి ఉంటే అదే గెలిచేదని ఆక్సెల్‌రాడ్ లెక్కగట్టాడు. అది చదివి జాన్ మేనార్డ్ స్మిత్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రెండో పోటీకి అదే పంపాడు. 24వ స్థానం వచ్చింది. ఎందుకంటే ఈసారి ఓర్పును వాడుకోవడానికి కాచుకున్న ప్రోగ్రాములు కూడా పోటీలో ఉన్నాయి. కాబట్టి ఓర్పు గెలుస్తుందా లేదా అన్నది చుట్టూ ఎవరున్నారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆటలో ఈ సంగతి ఉంది, చుట్టూ మెత్తనివాళ్లు ఎక్కువుంటే సింపుల్టన్ అనే ఇంకొకడు గెలవడం చూపిస్తారు కూడా. కానీ అది చప్పున దాటిపోతుంది, కాపీకిటెన్ మంచివాడు అన్న ముద్రే మనసులో మిగులుతుంది. అక్కడ ఇంకాసేపు ఆగాల్సింది.

రెండో ఫిర్యాదు పెద్దది. ఆటలో ఇద్దరికీ ఒకటే లాభనష్టాల పట్టిక. చివర్లో అంకెలు మార్చుకునే భాగంలో కూడా మనం ఏ అంకె మార్చినా అది ఇద్దరికీ కలిపే మారుతుంది. ఒకడు బలవంతుడు, ఒకడు బలహీనుడు అయ్యే ఆట అందులో లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు ఇది పెద్ద లోటుగా కనబడుతుంది, ఎందుకంటే మనకు తోతాపురి మామిడి ఉంది.

మా బావకు బంగారుపాళ్యం వైపు తోట ఉంది. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది, రైతుకూ ఫ్యాక్టరీకీ ఏటా ఉండే సంబంధమే. మళ్లీ మళ్లీ ఆడే ఆట అన్నమాట, ఆట చెప్పిన లెక్క ప్రకారం నమ్మకం బాగా పెరగాలి. పెరగదు. కాయ కోశాక రైతు చేతిలో గడియారం తిరగడం మొదలవుతుంది, ట్రాక్టర్ మీద ఎండలో ఉన్న కాయ రోజు రోజుకీ మెత్తబడి రేటు పడిపోతుంది. ఫ్యాక్టరీకి అంత తొందర లేదు, నిరుటి గుజ్జు డ్రమ్ముల్లో ఇంకా మిగిలుంటే అసలే లేదు. ఇద్దరూ ఎగ్గొడితే ఇద్దరికీ సున్నా అని ఆటలో ఉంది చూడండి, ఇక్కడ ఆ గడిలో ఒకరికి సున్నా, ఇంకొకరికి ఏడాది కష్టం మొత్తం రోడ్డు పక్కన పారబోయడం. 2025 సీజన్లో ధర బాగా పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు ఇస్తే 4 ప్రభుత్వం ఇస్తుందని ప్రకటించారు. ఆ 8 పూర్తిగా ఇవ్వడం లేదని రైతులు ఆందోళనలు చేశారు. పక్క రాష్ట్రం తోతాపురి రాకుండా జిల్లా సరిహద్దుల్లో ఆపితే కర్ణాటక నుంచి అభ్యంతరం వచ్చింది. రైతు, ఫ్యాక్టరీ, రెండు ప్రభుత్వాలు, ఎవరి చేతిలో ఎంత టైముందో అదే ఎవరి మాట చెల్లుతుందో తేల్చేసింది. గేమ్ థియరీలో దీనికి జవాబు లేదని కాదు, బేరసారాల సిద్ధాంతంలో ఓపిక ఎక్కువున్నవాడికే పెద్ద వాటా వస్తుందని లెక్కగట్టి చూపించినవాళ్లున్నారు. ఈ ఆటలో ఆ ముక్క లేదు. “నువ్వు నమ్మకంగా ఉండు, అవతలివాళ్లూ ఉంటారు” అని తోటలో నిలబడి మా బావకు నేను చెప్పలేను. పదిమంది రైతులు కలిసి కోత రోజులు పంచుకుని, కొంత కాయ వేరే మార్కెట్టుకు పంపగలిగితే అప్పుడు వాళ్ల చేతిలోనూ కాస్త టైముంటుంది, అప్పుడు మొదలవుతుంది అసలు ఆట.

ఇంకో లోటు, ఆటలో ఎవరూ ఎవరి గురించీ ఇంకొకరికి చెప్పరు. ప్రతివాడూ ఎదుటివాణ్ణి సొంతంగా ఆడి తెలుసుకోవాల్సిందే, ఎవరితో ఆడాలో ఎంచుకునే వీలు కూడా లేదు. మన చీటీలు అలా నడవవు. నెలనెలా పాట పెట్టి చీటీ ఎత్తే పద్ధతిలో మొదట్లోనే ఎత్తుకున్నవాడికి ఆ తర్వాత కట్టకుండా ఉండటమే లాభం, నాణేల మెషిన్ లెక్క ప్రకారం చీటీ అనేది రెండో నెలకే కూలిపోవాలి. కూలదు, ఎందుకంటే ఎత్తేముందు జామీను అడుగుతారు, అంతకంటే ముందు చేర్చుకునేటప్పుడే నలుగురిని వాకబు చేస్తారు. మా అమ్మకు ఈ ఆట పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ చూపించా. మొత్తం చూసి, “వీళ్లు ఆడబోయే ముందు వాడు ఎట్లాంటోడని ఒకరినొకరు అడగరా?” అంది. 1998లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ సరిగ్గా ఈ ప్రశ్న మీదే పరిశోధన ప్రచురించారు. నేను నీకు చేసిన మంచి నీనుంచే తిరిగి రానక్కర్లేదు, చూసిన మూడోమనిషి నుంచి కూడా రావొచ్చని లెక్కలతో చూపించారు. అలా పేరు అడ్డం పెట్టుకుని నడిచేవే చీటీలు. పేరు ఒక్కటే చాలదు కాబట్టి 1982లో చిట్ ఫండ్స్ చట్టం కూడా తెచ్చారు. చుట్టుపక్కల తెలిసినవాళ్లే కదా అని రిజిస్టర్ కాని చీటీల్లో పెద్ద మొత్తాలు పెట్టేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఊరు వదిలి పోవడానికి సిద్ధపడ్డవాడికి పేరుతో పనిలేదు.

ఒక మంచి సంగతి కూడా ఆటలో చేరి ఉంటే బాగుండేది. 1995లో బెర్గ్, డిక్‌హౌట్, మెకేబ్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. ఒకరికి 10 డాలర్లు ఇచ్చి, అందులో ఇష్టమొచ్చినంత పక్క గదిలోని ముక్కూమొహం తెలియని మనిషికి పంపొచ్చన్నారు. పంపినది మూడింతలై చేరుతుంది. ఆ మనిషి తిరిగి ఎంతైనా ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోవచ్చు. ఒక్కసారే ఆట, ఎవరో తెలీదు, లెక్క ప్రకారం పంపాల్సింది సున్నా. జనం సగటున సగం పైనే పంపారు, తిరిగి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మనుషులు లెక్క చెప్పినదానికంటే మంచిగానే మొదలుపెడతారన్నమాట. కాలినడకన కొండెక్కేవాళ్లు మెట్ల మీద ముక్కూమొహం తెలియనివాళ్లకు పిల్లను పట్టుకోమని ఇవ్వడం, ముసలాయనకు చెయ్యి అందించి ఎక్కించడం, తెచ్చుకున్న పులిహోర పక్కవాళ్లకు పెట్టడం రోజూ జరిగేదే. వాళ్లు మళ్లీ కలవరని ఇద్దరికీ తెలుసు. ఈ భాగాన్ని ఏ మెషిన్‌లో పెట్టి చూపించాలో నాకు తెలీదు గానీ, ఒక్క రౌండు అనగానే మోసమే అని పిల్లలు నేర్చుకుపోతే మాత్రం నాకు ఇష్టం ఉండదు. అందుకే ఆట అయ్యాక ఈ ప్రయోగం గురించి నేను విడిగా చెప్తాను.

వాడకం గురించి చివరి మాటలు. ఫోన్లో అక్షరాలు చిన్నగా కనబడతాయి, ల్యాప్‌టాప్ ఉంటే అందులో ఆడండి. ఇంగ్లీషు తేలికే, ఇంటర్ చదివినవాళ్లు ఇబ్బంది లేకుండా చదువుకోగలరు, రానివాళ్లకు పక్కన ఒకరు కూర్చుని చదివి చెప్తే సరిపోతుంది. ప్రతి పోటీకి ముందు ఎవరు గెలుస్తారో మనల్ని పందెం వెయ్యమంటుంది, తొందరపడి ఏదో ఒకటి నొక్కెయ్యకుండా ఆలోచించి వెయ్యండి, తప్పినప్పుడే ఎక్కువ తెలుస్తుంది. టీచర్లు క్లాసులో స్క్రీన్ మీద పెట్టి ఆడించొచ్చు, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా వదిలేశారు కాబట్టి అనుమతులు అడగాల్సిన పని లేదు. తెలుగు, ప్రోగ్రామింగ్ రెండూ వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఆ కోడ్ తీసుకుని ఇద్దరికీ వేరువేరు పట్టికలు పెట్టుకునే వీలు కలపండి, మామిడి రైతు పక్షాన ఒక అధ్యాయం రాసిపెట్టే పని నాది.

ఐదుకు నాలుగున్నర ఇస్తున్నా. తగ్గించిన అర, బలవంతుడికీ బలహీనుడికీ ఒకే పట్టిక పెట్టినందుకు.